గేరు బండికి మీటబ్రేకు తగునా?

మోటారు బండిని నిలిపి దిగునపుడు డ్రైవరు తన ఎడమచేతితో కిర్రుమని పైకి లాగు కడ్డీ నెరుగనివారుండరు. హ్యాండుబ్రేకు అని చిన్న పిల్లవాడును చెప్పగలడు. గడచిన ఇరువదియైదు సంవత్సరములలో ఈ కడ్డీ కొంచెము కొంచెముగా బండ్లనుండి మాయమగుచున్నది. దాని స్థానమున ఒక్క వ్రేలితో లాగుటకో, నొక్కుటకో వీలైన చిన్న మీట వచ్చియున్నది. దీనికి ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు అని పేరు. పేరు దీర్ఘమగుటచే మేము దీనిని మీటబ్రేకు అనియే వ్యవహరించెదము.

మేము నూతన యంత్రములకు విరోధులము కాము. గేరు మార్చుపని బండియే చూచుకొను ఆటోమేటిక్ కారులో ఈ మీట చక్కగా నొదిగినది; దానిపై మాకు చెప్పుకొనదగిన ఫిర్యాదు లేదు. క్లచ్చియు గేరును డ్రైవరు చేతికాళ్లలోనే యుంచి, బ్రేకును మాత్రము యంత్రము చేతికిచ్చిన మాన్యువల్ బండ్లను గూర్చియే మా యాక్షేపణ. మన దేశమున నేటికిని అట్టి గేరు బండ్లే విస్తారము గావున ఇది కొలదిమంది ధనవంతుల గొడవగా నెంచి త్రోసివేయదగినది కాదు.

కొండదారిలో బండి నాపి మరల కదలించుట యెట్లో బండి తోలనివారికి తెలియకపోవచ్చును గనుక కొంచెము వివరింతుము. కడ్డీ పైకి లాగి యుండగా డ్రైవరు మొదటి గేరు వేయును. కుడికాలితో ఆక్సిలరేటరును మెల్లగా త్రొక్కుచు ఎడమకాలితో క్లచ్చిని సగమువరకు వదలును. హాఫ్ క్లచ్చి యని డ్రైవర్లు చెప్పునది ఇదియే. అపుడు ఇంజను ధ్వని మారును. బండి ముందునకు ఉబలాటపడినట్లు స్వల్పముగా కదలును. ఆ గుర్తు ఒడలికి తెలిసిన వెంటనే ఎడమచేయి కడ్డీని అంగుళ మంగుళముగా దించును. చేయి తొందరపడినచో కాలు సర్దుకొనును. కాలు తడబడినచో చేయి మరల బిగించును. ఈ మూడవయవముల పొత్తు ఏ పుస్తకమువలనను రాదు. నేర్చుకొనువాడు పదిసార్లు ఇంజను నాపివేసి, వెనుకవారిచేత తిట్లు తిని, పదునొకండవసారి నేర్చుకొనును. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో సహితము, ఏటవాలుపై బండి నాపి, హ్యాండుబ్రేకు మొదలగువానిని సరిగా వినియోగించి, వెనుకకు జారనీయక మరల కదలించుట డ్రైవింగు పరీక్షలో నొక యంశముగా జేర్చబడినది.

మీటబ్రేకు పని చేయు విధము వేరు. వెనుక చక్రముల బ్రేకుల యొద్ద చిన్న విద్యుత్ మోటారులుండును. మీట లాగగనే అవి పండ్లచక్రముల మూలమున నొక మరను త్రిప్పి ప్యాడ్లను డిస్కునకు అదిమి పట్టును. కొన్ని బండ్లలో మోటారు పాతకాలపు కేబులునే లాగును. ఏ విధమైనను పట్టిన పూర్తిగా పట్టుట, వదలిన పూర్తిగా వదలుట. నడిమి స్థితి డ్రైవరు వశమున లేదు. మరి కదలునపుడు వదలువా డెవడు? బండిలోని కంప్యూటరు. క్లచ్చి యెంతవరకు లేచినది, ఆక్సిలరేటరు ఎంత త్రొక్కబడినది, నేల యెంత వాలియున్నది యను సంగతులను కొలిచి, ఇక కదలవచ్చునని తనకు తోచినపుడు అది బ్రేకును వదలును. డ్రైవరు బెల్టు కట్టుకొననిచో, లేక తలుపు తెరచియున్నచో, పెక్కు బండ్లలో అది తనంతట తాను వదలదు. అట్టియెడ కాలితో బ్రేకు త్రొక్కి వ్రేలితో మీట నొక్కవలెను. ఇది చాలదన్నట్లు హిల్ హోల్డను మరియొక సహాయ మున్నది. కాలు బ్రేకు మీదనుండి తీసిన తరువాత అది రెండు మూడు సెకండ్లు బండిని జారనీయక పట్టి, ఆపై తనంతట వదలివేయును.

ఇప్పుడు మేము కన్నులార చూచిన యొక సంగతి చెప్పవలసియున్నది. నిరుడు జనవరిలో మా పాఠశాల పదవ తరగతి విద్యార్థులతో మదనపల్లె సమీపముననున్న హార్స్‌లీ కొండలకు విహారయాత్ర పోయితిమి. ఏనుగు మల్లమ్మ కొండ యని ఆ ప్రాంతపువారు చెప్పు ఆ కొండ నాలుగువేల యడుగులకు పైబడిన యెత్తుగలది; దారి మలుపులమయము. బాలురు బస్సులో వచ్చిరి. మేము మా గణితోపాధ్యాయులుగారి క్రొత్త కారులో వారి ప్రక్కన గూర్చుండి ముందు నడచితిమి. వారు ముప్పది యేండ్లుగా బండి తోలుచున్నవారు. వారి చేతిలో బండికి గీత పడినదని మే మెన్నడును వినలేదు.

ఒక మలుపునొద్ద ఎదురుగా లారీ వచ్చుటచే మేము నిలిచితిమి. వెనుక బస్సుకూడ నిలిచెను. లోయ కనబడుచోటు గనుక పదుగురు బాలురు ఉపాధ్యాయుల యనుమతి లేకయే దిగి మా కారు వెనుకకు వచ్చిరి. మాస్టారు మీట లాగి, బెల్టు విప్పి, కిటికీనుండి తల బయటికి పెట్టి వారిని ప్రక్కకు పొమ్మని కేకవేసిరి. లారీ పోయినది. మాస్టారు అలవాటు చొప్పున హాఫ్ క్లచ్చికి వచ్చి ఆక్సిలరేటరు త్రొక్కిరి. బెల్టు లేదు గావున బ్రేకు వదలలేదు. బండి దానితో పెనగులాడి ఆగిపోయెను. బెల్టు కట్టుకొని, బ్రేకు త్రొక్కి, తామే మీట నొక్కి, మరల ఇంజను స్టార్టు చేసిరి. కాలు బ్రేకుమీదనుండి తీసిరి, బండి కదలలేదు. మీటబ్రేకు ఇంకను పట్టియే యున్నదని వారు తలచిరి. నిజమునకు ఆ క్షణమున బండిని పట్టియుంచినది హిల్ హోల్డు. ఈసారి ఇంజను ఆగిపోకూడదని వారు నెమ్మదిగా క్లచ్చి వదలుచుండగనే దాని గడువు తీరినది. కారు వెనుకకు జారెను.

జారిన దూరము రెండు బారలకు మించి యుండదు. మాస్టారు వెంటనే బ్రేకు త్రొక్కిరి. కాని ఆ రెండు బారలలో ఒక బాలు డుండెను. వాడు గట్టుమీదికి దుమికెను. మోకాలు మాత్రము చెక్కుకొనిపోయెను. తోడివా డొకడు, ఎవరును చెప్పకయే, వెనుక చక్రము క్రింద రాయి పెట్టెను. మాస్టారి ముఖమున నెత్తురు చుక్క లేదు. మిగిలిన దారి వారు తోలలేదు; బస్సులో వచ్చుచుండిన మరియొక ఉపాధ్యాయుడు కారును పైకి తెచ్చెను.

మరునాడు మేమిరువురము కారు కొన్న షోరూమునకు పోతిమి. అచ్చటి యువకుడు మర్యాదగనే వినెను. కంప్యూటరు తగిలించి చూచి బండిలో ఏ దోషమును లేదనెను. "సార్, మీకింకను అలవాటు కాలేదు" అని ముగించెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. యంత్రములో ప్రతి భాగమును తన పని తాను చేసినది: బెల్టు లేనపుడు బ్రేకు వదలకుండుట న్యాయమే, హిల్ హోల్డు గడువు తీరగనే వదలుటయు నియమమే. బాలురు రోడ్డుమీదికి వచ్చుటలో తప్పు మాది, ఉపాధ్యాయులది. దానిని బండిమీదికి నెట్టము. ఐనను మా ప్రశ్న నిలిచియే యున్నది. బండిని ఇప్పుడు పట్టియుంచినది ఏది, అది ఎప్పుడు వదలును అని ముప్పది యేండ్ల యనుభవముగల డ్రైవరునకు తెలియకపోయినచో ఆ యమరికను మంచిదనుట యెట్లు? పాత కడ్డీ పట్టియున్నదా లేదా యని చూడనక్కర లేదు. చేయి దానిమీదనే యున్నది. మీట ప్రక్కన వెలుగు ఎఱ్ఱదీపము మీటబ్రేకు సంగతి మాత్రమే చెప్పును. ఏటవాలున చెమటలు పట్టిన మనుష్యుడు దీపమును చూచునా, దారిని చూచునా? తరగతిలో సగము మంది లెక్క తప్పినపుడు అలవాటు కాలేదని బాలురనే నిందించి ఊరకుండు నుపాధ్యాయుని మేము మెచ్చుకొనము.

ఇట్టి సహాయము క్రొత్తది కాదను సంగతి పలువురెరుగరు. 1936లోనే అమెరికాలోని స్టూడీబేకర్ సంస్థవారు తమ కార్లలో హిల్ హోల్డరను సాధనము నమర్చిరి. అందు కంప్యూటరు లేదు, మోటారు లేదు. ఏటవాలున క్లచ్చియు బ్రేకును త్రొక్కి నిలిచినచో, బ్రేకు ద్రవము వెనుకకు పోకుండ ఒక చిన్న గుండు దారి మూసివేయును. కాలు బ్రేకుమీదనుండి తీసినను బండి నిలిచియే యుండును. క్లచ్చి వదలిన కొలదియు ద్రవము విడుదలయగును. అనగా వదలవలసిన తరుణమును డ్రైవరు ఎడమకాలే నిర్ణయించును. సెకండ్ల గడువు లేదు. జపాను దేశపు సుబారు సంస్థవారును తరువాతి కాలమున తమ గేరు బండ్లలో ఈ పద్ధతినే వాడిరి. గేరు బండి తోలువాని స్వభావము నెరిగి చేసిన పని యది.

మీటబ్రేకు పుట్టుక వేరొక యింట జరిగినది. 2001లో బి.ఎం.డబ్ల్యు. వారి సెవెన్ సిరీస్ కారు దీనిని మొదట ధరించిన బండ్లలో నొకటి; అది ఆటోమేటిక్ కారు. 2005లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ మొదలగువానితో ఇది గేరు బండ్లకును ప్రాకెను. మన దేశమున 2017లో విడుదలయైన జీప్ కంపాస్‌లో ఆరు గేర్ల మాన్యువల్ బండికిని ఈ మీటయే. ఆటోమేటిక్ బండికి కుట్టిన చొక్కాను గేరు బండికి తొడిగి, బిగువైనచోట్లనెల్ల కంప్యూటరుతో మాట్లు వేసిరని మా యభిప్రాయము.

కొండలు లేని యూరివారు తమకీ బాధ లేదని తలపవలదు. ఒకనాటి యుదయమున అదే కారు మా పాఠశాల యావరణలో బ్యాటరీ దిగిపోయి సెల్ఫు తీసికొనలేదు. గేరు బండికున్న గొప్ప సుగుణము ఇట్టి సమయముననే తెలియును: నలుగురు తోసినచో, రెండవ గేరులో క్లచ్చి వదలి ఇంజనును మేల్కొలుపవచ్చును. పిలువకయే పదిమంది బాలురు పరుగెత్తి వచ్చిరి. తోసిరి, అరచిరి, బండి కదలలేదు. ముందురాత్రి ఇంజను ఆపగనే మీటబ్రేకు తనంతట తాను పట్టుకొనియున్నది. దానిని వదలించుటకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తే లేదు. మెకానిక్కు జంపరు వైర్లతో వచ్చుసరికి మధ్యాహ్న భోజనపు గంట మ్రోగెను. ఆ యాలస్యము ఒక పంతులుగారి రెండు పీరియడ్లను మాత్రమే తినెను. అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్పవలసిన యింటిలో నిట్లే జరిగినచో?

మెకానిక్కు షెడ్లలోను చిక్కు కలదు. వెనుక ప్యాడ్లు మార్చుటకు ముందు మోటారును వెనుకకు త్రిప్పవలెను. అందుకు పెక్కు బండ్లలో ప్రత్యేకమైన కంప్యూటరు పరికరము కావలెను. అది లేక బలవంతముగా పిస్టనును నొక్కినచో మోటారే చెడును.

మీట పక్షమున చెప్పదగిన మాటలను దాచుట న్యాయము కాదు. కీళ్లనొప్పులు గలవారికి, బలము తక్కువైన వృద్ధులకు కడ్డీ లాగుట కష్టము, మీట వ్రేలిపని. సగము లాగి మరచిపోయిన కడ్డీ ఎన్ని బండ్లను వాలున జార్చినదో, పూర్తిగా దించక నడుపుటచే ఎన్ని బ్రేకులు మాడినవో మనము విననిది కాదు. పాత కేబులు సాగి వదులగుట అందరెరిగినదే. బండి పోవుచుండగా కాలిబ్రేకు పని చేయనిచో, పెక్కు బండ్లలో మీటను లాగి పట్టుకొనినయెడల యంత్రము నాలుగు చక్రములను క్రమముగా నిలుపును. కడ్డీని అట్లు ఒక్కసారి లాగినచో వెనుక చక్రములు బిగిసి బండి ప్రక్కకు తిరుగవచ్చును. ఈ లాభములు గొప్పవే. మా సతీమణికి నొప్పిగల మణికట్టు ఉండుటచే ఈ వాక్యములు వ్రాయుమని వారే మమ్ము హెచ్చరించిరి.

ఈ లాభములను పోగొట్టుకొనుమని మే మడుగుట లేదు. గేరు బండి కొనువానికి కడ్డీ కావలెనో మీట కావలెనో కోరుకొను హక్కుండవలెను; నేడు పై తరగతి బండి కోరినచో మీటను తప్పక తీసికొనవలసిన గతి పలుచోట్ల గలదు. మీటయే యిచ్చినచో, క్లచ్చి పట్టుకొనువరకు బండిని వదలని యమరిక యుండవలెను. 1936లో ఒక చిన్న గుండుతో సాధ్యమైనది నేడు కంప్యూటరునకు అసాధ్యమన్న నమ్మజాలము. ఇక డ్రైవింగు నేర్పువారు పాత కడ్డీగల బండ్లమీదనే పాఠము చెప్పి శిష్యులను బయటికి పంపుచున్నారు. ఆ శిష్యుడు తండ్రి కొన్న క్రొత్తబండిలో కొండ యెక్కునపుడు తాను నేర్చిన చేయి వ్యర్థమగుచున్నది. క్రొత్తబండి కొన్నవారి కందరికిని షోరూమువారు ఒక పూట ఏటవాలుపై అభ్యాసము చేయించుట వారికి పెద్ద వ్యయము కాదు.

మా గణితోపాధ్యాయులుగారు ఆ కారును అమ్మలేదు. తీర్చవలసిన అప్పు ఇంకను మిగిలియున్నది. వారాంతములలో ఊరి బయటి రైలు వంతెన యెత్తున ఒంటరిగా అభ్యాసము చేయుచున్నారు. కొంత చేతికి వచ్చినదని చెప్పుదురు. కుటుంబముతో పోవునపుడు మాత్రము డిక్కీలో ఒక తుమ్మ దుంగ ముక్క నుంచుకొందురు. ఆనాడు రాయి పెట్టిన బాలుడే దానిని వడ్రంగి పనిగంటలో ఏటవాలుగా చెక్కి వారి కిచ్చెను.