వాళ్లకు మనం తెలుసా?

మా వీధి చివర కిరాణా కొట్టుకు డిగ్రీ చదివే ఒక అమ్మాయి వస్తుంటుంది. డబ్బులిచ్చేటప్పుడు కుడి చెయ్యి చాచి, ఎడమ చేతి వేళ్లు కుడి మోచేతి కింద ఆనించి, తల కాస్త వంచి ఇస్తుంది. చిల్లర తీసుకునేటప్పుడూ అంతే. మొదట్లో కొట్టాయన "ఏమ్మా, చెయ్యి నొప్పా?" అని అడిగాడట. ఆ పిల్ల నవ్వేసి, "కొరియాలో పెద్దవాళ్లకు ఏదిచ్చినా ఇలాగే ఇస్తారండీ" అంది. ఆయనకు కొరియా ఎటువైపు ఉందో సరిగ్గా తెలియదు గానీ, పెద్దవాళ్లకు అన్న మాట బాగా నచ్చినట్టుంది. ఇప్పుడు ఆ పిల్ల వస్తే ఆయనా రెండు చేతులతో చిల్లర ఇస్తున్నాడు.

ఇలాంటి పిల్లలు ఇప్పుడు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. కొరియా పాటల బృందం బీటీఎస్ కుర్రాళ్లు ఏడుగురి పేర్లూ, పుట్టినరోజులూ వాళ్లకు కంఠతా వచ్చు. సొంత మేనమామ పుట్టినరోజు ఎప్పుడంటే మాత్రం తడుముకుంటారు. మంచు అన్నది ఎరగని ఊళ్లో ఉండి, అక్కడ తొలిమంచు పడిందట అని మురిసిపోతారు. రాత్రి పదకొండింటికి వంటింట్లో చప్పుడైతే, నూడుల్స్ ఉడుకుతున్నాయన్నమాట. వాటిని కంచంలో వేసుకోరు. గిన్నె మీది మూత తిరగేసి, అందులో పెట్టుకుని ఊదుకుంటూ తింటారు. కొరియా సీరియల్లో అలాగే తింటారు కాబట్టి. "ఇంట్లో ఇన్ని కంచాలుండగా మూతలో తినడమేమిటే" అని తల్లి సణుగుతుంది. సణుగుతూనే వచ్చి పక్కన కూర్చుని, ఈ ఎపిసోడ్‌లో ఏమైందని అడుగుతుంది.

ఇదంతా అందమైన మొహాల మోజు అనుకునేవాళ్లున్నారు. ఆ మోజు లేదని ఎవరంటారు? అయితే మా బంధువుల్లో ఒకావిడ ఉన్నారు. అరవై దాటాయి. ఆవిడ చూసింది 'రిప్లై 1988' అనే సీరియల్, మనవరాలు పక్కన కూర్చుని అర్థం చెబుతుంటే. 2015 చివర్లో మొదలై 2016 జనవరి దాకా అక్కడి టీవీలో వచ్చింది. సియోల్ ఉత్తరాన సాంగ్‌మున్‌డాంగ్ అనే పేటలో, ఒకే సందులో ఉండే ఐదు కుటుంబాల కథ. అందులో ఆవిడకు నచ్చింది కథానాయకుడు కాదు, గిన్నెలు.

మొదటి ఎపిసోడ్‌లోనే వస్తుంది ఆ దృశ్యం. రాత్రి భోజనాల వేళ. ఒకింటి తల్లి వండిన కూర కొంచెం గిన్నెలో పెట్టి, పక్కింట్లో ఇచ్చి రమ్మని పిల్లల్ని పంపుతుంది. ఆ పక్కింటి తల్లి ఖాళీ చేతులతో పంపదు, తను చేసిందేదో ఇస్తుంది. అది ఇంకో ఇంటికి, అక్కణ్నుంచి మరో ఇంటికి. కాసేపటికి ఆ సందులో పిల్లలందరూ చేతుల్లో గిన్నెలతో ఒకరికొకరు ఎదురుపడుతుంటారు. ఈమాత్రానికి అందరం ఒక్కచోటే కూర్చుని తినొచ్చుగా అని ఒక కుర్రాడు విసుక్కుంటాడు. మా బంధువు అక్కడ ఆపమని, వెనక్కి తిప్పించి మళ్లీ చూశారట. పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపిన తరం ఆవిడది. ఇప్పుడుంటున్న అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ వాళ్ల పేరు ఆవిడకు తెలియదు. నిజానికి ఆ సీరియల్ తీసేనాటికి సియోల్‌లోనూ అలాంటి సందులు చాలావరకు అపార్ట్‌మెంట్లకు చోటిచ్చేశాయి. అంటే అక్కడివాళ్లు కూడా పోయినదాన్ని తలుచుకునే తీశారు. వాళ్లు పోగొట్టుకున్నదాన్ని చూసి ఈవిడ తను పోగొట్టుకున్నది గుర్తుచేసుకున్నారు.

ఈ అభిమానుల్ని ఇంట్లోవాళ్లు, ముఖ్యంగా తండ్రులు, ఆటపట్టించే ప్రశ్న ఒకటుంది. "అంతా బాగానే ఉంది గానీ, వాళ్లకు నువ్వు తెలుసా?"

తెలియదు. ఆ మాట పిల్లలకూ తెలుసు. అక్కడ ఎవరో చనిపోతే ఇక్కడ అన్నం మానేసి కూర్చుంటారు. 2014 ఏప్రిల్‌లో సెవోల్ ఓడ మునిగి 304 మంది పోయారు, అందులో ఎక్కువమంది విహారయాత్రకు బయల్దేరిన ఒకే హైస్కూలు పిల్లలు. అప్పటికి కొరియా పేరు కూడా ఎరగని మన పిల్లలు, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ సంగతి చదివి, తమ ఫోన్లలో వాళ్ల గుర్తుగా పసుపు రిబ్బన్ బొమ్మ పెట్టుకున్నారు. ఎవరూ అడగలేదు. పెట్టినట్టు అక్కడెవరికీ తెలియదు కూడా.

కాస్త వెనక్కి వెళితే, ఇది మనకు కొత్తేమీ కాదనిపిస్తుంది. చక్రపాణి గారు తెలుగులోకి తెచ్చిన బెంగాలీ రచయిత శరత్ నవలలు చదివి, మన తాతమ్మల కాలం వాళ్లు బెంగాలును అలాగే ప్రేమించారు. అక్కడి చెరువు గట్లూ, జమీందారీ ఇళ్లూ, విధవరాళ్ల కష్టాలూ తమ ఊరివే అన్నంతగా. శరత్‌బాబు తెలుగువాడే అనుకున్నవాళ్లూ ఉన్నారంటారు. పిల్లలకు బెంగాలీ పేర్లు పెట్టుకున్నారు. ఆ ఇళ్లలో చాలామంది హౌరా వంతెన మొహం కూడా చూడకుండానే వెళ్లిపోయారు. వాళ్లనెవరూ 'బెంగాలుకు నువ్వు తెలుసా' అని అడిగిన దాఖలాలు లేవు.

బెంగాలు మాట వచ్చింది కాబట్టి, ఇంకో సంగతి. కొరియాను దూరం నుంచి తలుచుకున్న భారతీయుల్లో అందరికంటే పెద్దాయన అక్కడివాడే. 1929లో రవీంద్రనాథ్ టాగోర్ జపాన్‌లో ఉన్నప్పుడు, కొరియా పత్రిక 'దోంగా ఇల్బో' వాళ్లు తమ దేశానికి రమ్మని అడిగారు. ఆయనకు కుదరలేదు. బదులుగా ఇంగ్లీషులో ఓ నాలుగు పంక్తులు రాసిచ్చారు. కొరియాను దీపంతో పోల్చి, అది మళ్లీ వెలుగుతుందన్న ఆశ చెప్పే పంక్తులు. ఏప్రిల్ మొదట్లో ఆ పత్రిక వాటిని అచ్చు వేసింది. అప్పటికి కొరియా జపాన్ ఏలుబడిలోకి వెళ్లి 19 ఏళ్లు. పరాయి ఏలుబడిలో ఉన్న రోజుల్లో, మీ దీపం ఆరిపోలేదని ఎక్కడివాడో ఒకాయన అంటే ఎలా ఉంటుంది! వాళ్లు ఆ నాలుగు పంక్తులతో ఊరుకోలేదు. తర్వాతి రోజుల్లో వాటి వెనకాల 'గీతాంజలి'లోని ఒక గీతాన్ని కూడా చేర్చి, అంతా తమ దేశం మీద రాసిన ఒకే కవితగా చదువుకున్నారు. ప్రేమగా ఇచ్చినదాన్ని పుచ్చుకున్నవాళ్లు ఇంకొంచెం పెద్దది చేసుకున్నారన్నమాట. నాకిందులో తప్పేమీ కనపడదు. టాగోర్ మాత్రం కొరియా గడ్డ మీద అడుగు పెట్టనే లేదు.

చిత్రమేమిటంటే, కొరియాను ఏలిన జపాన్‌లోనే ఆ తర్వాత కొరియా మీద మనసు పారేసుకున్నవాళ్లు బయల్దేరారు. 2002 నాటి 'వింటర్ సొనాటా' సీరియల్ మరుసటి ఏడాది జపాన్ టీవీలో వచ్చింది. దాని కథానాయకుడు బే యాంగ్ జూన్ 2004 నవంబరులో టోక్యో దగ్గరి నరితా విమానాశ్రయంలో దిగితే, 3,000 మందికి పైగా ఎదురొచ్చారు. కాలేజీ పిల్లలు కాదు, ఎక్కువమంది నడివయసు ఇల్లాళ్లు. సీరియల్ తీసిన నామీ దీవికి పడవలెక్కి వెళ్లారు. యాభై దాటాక పలకా బలపం పట్టినట్టు కొరియా లిపి దిద్దుకున్నారు. వాళ్లను చూసి పత్రికలు కొంచెం నవ్వాయి, ఇళ్లలో మొగుళ్లు ఇంకొంచెం నవ్వే ఉంటారు.

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఆ నునుపు మాటా చెప్పుకోవాలి. యానాగి మునెయోషి అని మరో జపాన్ ఆయన ఉండేవాడు. కొరియా కుమ్మరులు చేసిన తెల్లటి కూజాలంటే ఆయనకు ప్రాణం. 1922లో వలస ప్రభుత్వం సియోల్‌లోని రాజప్రాసాద ద్వారం, గ్వాంగ్వామున్‌ను కూల్చబోతే, తన సొంత ప్రభుత్వం మీదే కలం ఎత్తి వ్యాసం రాశాడు. ద్వారాన్ని కూల్చకుండా పక్కకు జరిపి నిలబెట్టారు. అంత చేసిన మనిషి, కొరియా కళ మొత్తానికీ ఒకే పేరు పెట్టాడు, అది దుఃఖంలోంచి పుట్టిన అందమని. ఆ తెలుపులో ఆయనకు ఏడుపే కనిపించింది. తర్వాతి తరం కొరియావాళ్లు, మీ ప్రేమకు దండం గానీ మేం అంత ఏడుపుగొట్టు వాళ్లం కాదండీ అన్నారు. వాళ్ల పాత జానపద చిత్రాల్లో పులి బొమ్మలు చూడండి. మెల్లకన్నుతో, వెర్రిమొహం వేసుకుని కూర్చుని ఉంటుంది పులి. కొమ్మ మీద పిట్ట దాన్ని ఏదో ఎగతాళి చేస్తుంటుంది. ఆ బొమ్మ గీసినవాడు గీస్తూ నవ్వుకుని ఉండాలి.

మన పిల్లల మనసులో ఉన్న కొరియా కూడా కొంత వాళ్లు గీసుకున్నదే. అందులో ఎప్పుడూ సన్నగా మంచు పడుతుంటుంది, ఎవరో ఒకరు వెనకనుంచి వచ్చి గొడుగు పడుతుంటారు. అయితే నవంబరులో ఒక గురువారం అక్కడి ఇంటర్ పిల్లల వయసువాళ్లు కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తారు. ఆ రోజు ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరుగుతున్నంతసేపూ దేశంలో విమానాలు లేవవు, దిగవు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులే బండెక్కించుకుని పరీక్ష కేంద్రంలో దింపుతారు. గుడి మెట్ల మీద తల్లులు దణ్ణాలు పెడుతుంటారు. ఇది వినగానే మా వీధి పిల్లలకు మంచూ గొడుగూ మరిచిపోయి, తమ ఎంసెట్ గుర్తొచ్చి కడుపులో తిప్పుతుంది. అయినా ఇష్టం తగ్గిందా అంటే, లేదు. ఇంకొంచెం దగ్గరైనట్టుంది.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో పని మొదలుపెట్టాక, ఆ దూరం మరో రకంగానూ తగ్గింది. రాయలసీమ ఎండలో కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి, కొరియా వంట దొరికే హోటళ్లు వచ్చాయి. అక్కడ కనిపించే కొరియా ఆయన హీరోలా ఉండడు. షిఫ్టు దిగి, చెమట తుడుచుకుంటూ, ఇంటిదగ్గర పిల్లాడితో ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటాడు. వేరుశనగ చేలు దాటుకుని రోజూ ఫ్యాక్టరీకి వెళ్లే ఆయన, మన గురించి ఇంటికి ఏం చెబుతుంటాడో వినాలని ఉంటుంది నాకు.

దూరంగా ఉన్నవాళ్లను తలుచుకుని బతకడం కొరియావాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1950 యుద్ధంలో చెదిరిపోయిన కుటుంబాలు అక్కడ లక్షల్లో. 1983 జూన్ 30 రాత్రి, తప్పిపోయినవాళ్లను వెతికే కార్యక్రమం ఒకటి కేబీఎస్ టీవీలో మొదలైంది. ముందు అనుకున్నది 95 నిమిషాలు. జనం ఆపనివ్వలేదు. నవంబరు దాకా, మొత్తం 453 గంటల 45 నిమిషాలు నడిచింది. స్టేషన్ గోడల నిండా, బయట మైదానం నిండా చేత్తో రాసిన కాగితాలు. ఆ పాత వీడియోలు ఇప్పటికీ చూడొచ్చు. అట్టముక్క మెడకు తగిలించుకున్న ఒక మనిషి ఇక్కడ, వేరే ఊరి స్టూడియోలో మరో మనిషి. మధ్యలో ప్రశ్నలు. ఊరు? నాన్న పేరు? మనింటి వెనకాల ఏముండేది? నీ ఒంటి మీద మచ్చ ఉండాలే, చూపించు. మచ్చ దొరకగానే ఇద్దరూ నేల మీద కూలబడిపోతారు. అలా 10,000కు పైగా కుటుంబాలు కలిశాయి. ఇదంతా దేశం దక్షిణ భాగంలోనే. సరిహద్దుకు అటు ఉత్తర కొరియాలో ఉండిపోయినవాళ్లను కలుసుకోవడం ఎప్పుడో ఒకసారి, కొద్దిమందికే దక్కింది. 2018 తర్వాత అదీ ఆగిపోయింది. వాళ్ల కథల్లో ఎడబాటు అంత బాగా పలకడానికి ఇదే కారణమేమో. నా ఊహ మాత్రమే.

హోమర్ హల్బర్ట్ కథ కూడా ఎడబాటు కథే. 1886లో, 23 ఏళ్ల వయసులో, ఇంగ్లీషు చెప్పడానికి అమెరికా నుంచి కొరియా వెళ్లాడు. అక్కడి పండితులు చైనా లిపి తప్ప ముట్టని రోజుల్లో, మామూలు జనం చదువుకునే కొరియా లిపిలో భూగోళం పుస్తకం రాశాడు. జనం నోట ఆడే 'అరిరాంగ్' పాటకు 1896లో స్వరాలు రాసి అచ్చు వేయించాడు. పసితనంలో పోయిన కొడుకును అక్కడే మట్టిచేశాడు. 1907లో కొరియా రాజు తరఫున హేగ్ దాకా వెళ్లి న్యాయం అడిగినందుకు, జపాన్ పాలకులు ఆయనను కొరియాలో ఉండనివ్వలేదు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు అమెరికాలో ఉంటూనే కొరియా గురించి ఊరూరా మాట్లాడాడు. వినేవాళ్లు వినేవారు, లేనివాళ్లు లేదు.

1949లో స్వతంత్ర కొరియా రమ్మని పిలిచింది. 86 ఏళ్ల మనిషి ఓడెక్కి వచ్చాడు. వచ్చిన వారానికి, ఆగస్టు 5న, సియోల్‌లో కన్నుమూశాడు. హాన్ నది ఒడ్డున యాంగ్వాజిన్ శ్మశానంలో, తను కోరుకున్నట్టే, ఆ మట్టిలో పడుకోబెట్టారు. సమాధి రాయి మీద దేశాధ్యక్షుడు సింగ్మన్ రీ స్వయంగా రాసిస్తారని మధ్యలో కొంత చోటు వదిలారు. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చిపడింది. తర్వాత ఎవరి గొడవల్లో వాళ్లు పడ్డారు, ఆ చోటు అలాగే ఉండిపోయింది. 1999లో, యాభయ్యో వర్ధంతికి, అప్పటి అధ్యక్షుడు కిమ్ దే జుంగ్ చేతిరాతతో ఆ ఖాళీ నింపారు. అంత ఆలస్యం చేశారని హల్బర్ట్ నొచ్చుకుని ఉంటాడని నాకైతే అనిపించదు.