స్పీడు ఎవరిది?

2026 సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది ఉదయగిరి దగ్గర ఓ పల్లె. ఆత్మకూరు బస్టాండులో బస్సు మారుతుంటే మా చిన్నాన్న కనపడ్డాడు, చేతిలో ఎక్స్‌రే కవరు. వాళ్ళబ్బాయిది. బెంగుళూరులో ఫుడ్ డెలివరీ చేస్తాడు. నెల కిందట తడి రోడ్డు మీద బండి జారి కాలు విరిగింది.

"ఈ కాలం పిల్లోళ్ళకి స్పీడెక్కువైపోయింది నాయనా" అన్నాడు చిన్నాన్న టీ తాగుతూ. పక్కనున్నవాళ్ళు తలూపారు. నేనూ ఊపాను. బస్సెక్కి కూర్చున్నాక ఆలోచిస్తే అది తప్పనిపించింది.

ఎందుకంటే వాడి సంగతి నాకు తెలుసు. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి వాడి బండి మీద ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఖాళీ రోడ్డు, అడిగేవాడు లేడు. అయినా గేదెలు అడ్డమొస్తాయని నలభై దాటేవాడు కాదు. మనిషి అదే, బండి అదే. కొత్తగా వచ్చిందల్లా హ్యాండిల్ మీద సెల్‌ఫోను.

ఇంటికెళ్ళి వాణ్ణే అడిగా. "స్పీడుగా పొమ్మని ఎవురూ చెప్పరన్నా. ఇన్ని ఆర్డర్లు దాటితే ఇంత ఇన్సెంటివ్ అని చూపిస్తాది. ఒక్కటి తగ్గినా ఆ డబ్బు రాదు. ఆ రోజు నాకు ఇంకొక్క ఆర్డరు చాలు" అన్నాడు.

నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్ణే కాబట్టి ఆ మాట గట్టిగా తగిలింది. 'వేగంగా పో' అని ప్రోగ్రాములో ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. ఆర్డరుకింత అని కూలి పెట్టి, పైన ఓ మెట్టు పెడితే చాలు. మిగతాది ఇంటి అద్దె, బండి ఈఎంఐ చూసుకుంటాయి.

సరే, కంపెనీల వాదన కూడా విందాం. 2025 డిసెంబరు 31న గిగ్ వర్కర్ల సమ్మె జరిగినప్పుడు, అప్పటి ఎటర్నల్ (జొమాటో, బ్లింకిట్‌లు దీనివే) సీఈఓ దీపిందర్ గోయల్ ఒక లెక్క చెప్పాడు. పది నిమిషాల డెలివరీకి కారణం స్టోర్లు దగ్గరగా ఉండటమే, రెండు కిలోమీటర్ల లోపు దూరానికి ఎనిమిది నిమిషాలు, అంటే సగటున గంటకు 15 కిలోమీటర్లే అని. లెక్క తప్పేం కాదు. కానీ సిగ్నళ్ళ దగ్గరా, అపార్ట్‌మెంటు గేటు దగ్గరా కలిపి నాలుగు నిమిషాలు పోయాయనుకోండి. మిగిలిన నాలుగు నిమిషాల్లో రెండు కిలోమీటర్లంటే బండి కదిలినంతసేపూ 30. సందుల్లో, స్పీడు బ్రేకర్ల మీద సగటు 30 రావాలంటే మధ్యమధ్య ఎంత తొక్కాలో బండి నడిపేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

పైగా ఇది ఒక్క డెలివరీ లెక్క. మావాడు చూసుకునేది రోజు మొత్తం లెక్క. హోటల్లో బిర్యానీ ఆలస్యమైన పావుగంటకి వాడికి పైసా రాదు. ఆ పావుగంట రోడ్డు మీదే రాబట్టుకోవాలి.

ఇది కొత్త కథేం కాదు. అమెరికాలో డామినోస్ '30 నిమిషాల్లో పిజ్జా' హామీని 1993 డిసెంబరులో ఎత్తేసింది. డెలివరీ బండి గుద్దిన ఒక మహిళకి 7.9 కోట్ల డాలర్లు ఇవ్వాలని సెయింట్ లూయిస్ జ్యూరీ తేల్చాకే (తర్వాత తక్కువకి రాజీపడ్డారనుకోండి). దక్షిణ కొరియాలో కుర్రాళ్ళు చనిపోయి జనం గొడవ చేశాక 2011లో ఎత్తేశారు. రెండు చోట్లా పిజ్జా తినడం ఎవరూ మానలేదు :)

మన దగ్గరా సరిగ్గా ఈ పండగ రోజుల్లోనే, కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడాక, బ్లింకిట్ ప్రచారంలోంచి '10 నిమిషాలు' తీసేసింది. సంతోషం. కానీ అది మనకి కనపడే బోర్డు మీది అంకె. రైడరు ఫోనులో కనపడే మెట్టు సంగతో? 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం వీళ్ళ సంక్షేమ నిధికి కట్టాలి. అదీ మంచిదే. కాకపోతే అది కాలు విరిగాక పనికొచ్చేది.

నేనడిగేది విరగకముందు సంగతి. హోటల్లో కాచుకున్న నిమిషాలకి డబ్బులివ్వండి. వాన పడుతున్నప్పుడు, రాత్రి పొద్దుపోయాక ఆర్డర్ల మెట్టు తీసేసి గంటకింత అనివ్వండి. టెక్నికల్‌గా ఇదేమంత కష్టం? వాన పడగానే కస్టమరు దగ్గర ఎక్స్‌ట్రా ఛార్జీ వసూలు చెయ్యడం తెలిసిన యాప్‌కి, అదే వానలో మెట్టు తీసెయ్యడం తెలీదా?

మా ఉదయగిరి ఆర్టీసీ బస్సు పది నిమిషాలు లేటైనా డ్రైవరు జీతం తగ్గదు. అందుకే కిటికీ పక్కన హాయిగా నిద్రపోగలుగుతున్నాం. హెల్మెట్ పెట్టుకోమని కుర్రాళ్ళకి చెప్పాల్సిందే, కాదనను. కానీ నీతులన్నీ వాళ్ళకే చెప్పి లెక్కని వదిలేస్తే ఎలా?

వచ్చేముందు మావాణ్ణడిగా, మళ్ళీ పోతావా అని. "పోక ఎట్టన్నా, బండి కంతులుండాయి. మీరూ యాప్‌లు రాసేవాళ్ళే కదా, ఆ మెట్టొకటి తీసెయ్యమని చెప్పలేవా?" అన్నాడు.

ఎవరికి చెప్పాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. ఆ కోడు రాసేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, వాడు అడిగింది మిమ్మల్నే.