గాలం కర్రపై జీఎస్టీ తగ్గింది.. మరి మీరు దిగొచ్చా?

2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చినప్పుడు మనమంతా కార్లు, టీవీలు ఎంత తగ్గాయో చూసుకున్నాం. అదే జాబితాలో ఓ మూలన చేపలు పట్టే రాడ్లు, గాలం సామాన్లు కూడా ఉన్నాయి. వాటిపై పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. మా నాదెండ్ల వైపు సాగర్ కాలువలకు నీళ్లొస్తే వెదురు కర్రకు దారం కట్టుకుని గట్టున కూర్చునే పిల్లలకు ఈ పన్నుతో పనిలేదు. కానీ చేత్తో రాడ్లు తయారుచేసే వీడియోలు చూసి ‘అన్నా, ఇందులో దిగొచ్చా?’ అని అడిగే జూనియర్లకు ఉంది. ఈ లెక్క వాళ్ల కోసమే.

ముందు పని ఏంటో చూద్దాం. కస్టమ్ రాడ్ కట్టేవాళ్లు చాలామంది బ్లాంకు, అంటే కార్బన్ లేదా గ్లాస్ ఫైబర్‌తో చేసిన బోలు కర్రను బయట కొంటారు. దాన్ని వంచి తిప్పి చూస్తే ఓ వైపు ఎక్కువ గట్టిగా తగులుతుంది. అదే స్పైన్. దాన్నిబట్టి దారం నడిచే రింగులు ఎటువైపు, ఎంతెంత దూరంలో ఉండాలో నిర్ణయిస్తారు. రీల్ కూర్చునే సీటు, పట్టుకునే కార్క్ పిడి అతికిస్తారు. రింగులను సన్నటి నైలాన్ దారంతో చుట్టి, పైన ఎపాక్సీ పూసి, అది కారిపోకుండా చిన్న మోటారుపై నెమ్మదిగా తిప్పుతూ ఆరబెడతారు. వినడానికి తేలికే. నా మొదటి రాడ్‌కు ఎపాక్సీలోని రెండు భాగాలను కంటి అంచనాతో కలిపా. వారమైనా జిగట పోలేదు. మొత్తం గీకి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు పన్ను సంగతి. పన్ను కాకుండా రూ.10,000 ఉన్న రాడ్‌పై ఇంతకుముందు రూ.1,200 కట్టాలి, ఇప్పుడు రూ.500. కొనేవాడికి రూ.700 మిగిలింది. బాగానే ఉంది కదా? ఆగండి. దిగుమతయ్యే రాడ్‌పై వేసే జీఎస్టీ కూడా అంతే తగ్గింది. గాలం సామాన్లకు పేరుపడ్డ చైనాలోని వైహై నగరం నుంచి వచ్చే సరుకైనా, మీ ఇంట్లో కట్టిందైనా రేటు ఒక్కటే. అంటే మార్కెట్ కాస్త పెరగొచ్చేమో గానీ, పోటీలో మీకు ప్రత్యేకంగా కలిసొచ్చిందేమీ లేదు.

పైగా మీరు కొనే ఎపాక్సీపై 18 శాతం, అమ్మే రాడ్‌పై 5 శాతం. దీన్నే ఇన్వర్టెడ్ డ్యూటీ అంటారు. రిజిస్ట్రేషన్ ఉంటే ముడిసరుకుపై ఎక్కువైన పన్నును రిఫండ్ అడగొచ్చు. లేకపోతే అది మీ ఖర్చే. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి రూ.40 లక్షల టర్నోవర్ వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న కస్టమర్‌కు అమ్మితే సాధారణంగా మొదటి రూపాయి నుంచే కావాలి. కస్టమ్ రాడ్ కొనేవాళ్లు మన మండలంలో ఎంతమంది దొరుకుతారు? కాబట్టి ఈ నిబంధన మీకు తగులుతుంది.

ఇక కూలి లెక్క. ఇవి నేను ఉదాహరణకు పెట్టుకున్న అంకెలు. సామాను రూ.6,000, అమ్మకం రూ.9,000, పని 12 గంటలు. గంటకు రూ.250. పదిలో ఒకటి చెడిందనుకోండి. తొమ్మిదింటికి రూ.81,000 వస్తుంది, పదింటి సామానుకు రూ.60,000 పోతుంది. మిగిలిన రూ.21,000ను 120 గంటలకు పంచితే గంటకు రూ.175. ఒక్క తప్పుకే ఆదాయంలో 30 శాతం ఎగిరిపోయింది! ఇందులో కరెంటు, కొరియర్, కస్టమర్ కోసం ఎదురుచూసిన రోజులు కలపలేదు. ఈ వ్యాపారంలో పన్నుకన్నా చేతివాటం ఎక్కువ లెక్కలోకి వస్తుందని అర్థమైందా?

ప్రభుత్వ సాయం మాటేంటి? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. చేపల వలలు అల్లేవారు ఉన్నారు, రాడ్లు కట్టేవారు లేరు. ముద్ర యోజనలో ‘శిశు’ కింద తనఖా లేకుండా రూ.50,000 వరకు రుణం అడగొచ్చు. కానీ ఆర్డర్ లేకుండా అప్పు చేయొద్దు. ఈఎంఐ మీ ఎపాక్సీ ఆరేదాకా ఆగదు.

ఓ పాత సంగతి చెప్తా. 19వ శతాబ్దంలో అమెరికా తయారీదారులు వెదురును చీల్చి, ఆ బద్దలను అతికించి ఖరీదైన రాడ్లు చేసేవారు. తొలినాళ్లలో వాళ్లు వాడిన వెదురు ‘కలకత్తా కేన్’, మన దేశం నుంచి వెళ్లిందే. తర్వాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టాంకిన్ వెదురుకు మారిపోయారు. ముడిసరుకు పంపినవాడిని మార్చడం అంత తేలిక. అదే ఫలానా మేస్త్రీ కట్టిన రాడే కావాలని అడిగే కస్టమర్‌ను మార్చడం కష్టం.

అందుకే నా సలహా ఇది. ఉద్యోగ ప్రయత్నం ఆపకండి. వారాంతాల్లో రిపేర్లతో మొదలుపెట్టండి. ఊడిన రింగు మార్చడం, విరిగిన కొస సరిచేయడం లాంటివి. సామాను ఖర్చు తక్కువ, తప్పు చేసినా నష్టం తక్కువ. ప్రతి పనికీ ఎపాక్సీ పాళ్లు, ఆరిన సమయం, ఎంత బరువుకు ఎంత వంగిందో రాసుకోండి. ఆ నోట్‌బుక్కే మీ అసలు సర్టిఫికెట్. ఫైబర్, రెజిన్‌లతో చేసే ఈ పనినే పరిశ్రమ కాంపోజిట్స్ అంటుంది. గాలిమరల రెక్కలు, డ్రోన్ల ఫ్రేములు తయారయ్యేది వీటితోనే. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ కడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది కూడా. అలాంటి చోట ఇంటర్వ్యూలో ‘కాంపోజిట్స్ చదివాను’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. ‘ఇది నేను కట్టా, ఇక్కడ విరిగింది, ఎందుకు విరిగిందంటే..’ అని కర్ర చూపించేవాళ్లు ఎంతమంది?