మంచుకు మారిన తేదీ వలసకు మారదా?

భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ గారికి,

ఇళ్ల లెక్క కోసం 2026 జనవరిలో మీరు ప్రకటించిన 33 ప్రశ్నలు చదివాక ఈ లేఖ రాయక తప్పలేదు. రేడియో ఉందా, సైకిలు ఉందా, ఏ ధాన్యం తింటారు అని అడుగుతున్నారు. ఈ ఇంటి నుంచి బతకబోయినవాళ్లు ఎందరు, ఎక్కడికి, ఎన్ని నెలలకు అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. మా పాలమూరులో నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లలో మొట్టమొదట అడగాల్సింది అదే.

మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అంటున్నారు. వానాకాలం పంట ఇంటికి చేరాక కూలీలను తీసుకెళ్లే గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయి, పుణె వెళ్లిన పాలమూరు కూలీలు తొలకరికి గానీ తిరిగి రారు. 2011 జనగణనలో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంట్లో అసలు లేనివారిని ఆ ఇంటి లెక్కలో చేర్చలేదు. ఈసారీ అంతేనా? లదాఖ్‌కూ, హిమాలయాల్లో మంచు కురిసే ప్రాంతాలకూ 2026 అక్టోబరు 1ని గణన తేదీగా పెట్టారు. సబబైన పనే. మంచు దారులు మూస్తే తేదీ మార్చిన మీకు, కరువు ఇళ్లకు తాళాలు వేయిస్తే పట్టదా?

మనిషి ఎక్కడుంటే అక్కడ లెక్కకు వస్తాడు, దేశం మొత్తంలో తేడా రాదు అంటారు. మొత్తంలో రాదు, ఊరికి వస్తుంది. ఆహార భద్రత చట్టం కింద ఎందరికి బియ్యం అన్నది ఇప్పటికీ 2011 జనాభాను బట్టే నడుస్తోంది. పైగా పని ముగియగానే ఇంకో రేకుల షెడ్డుకు మారే కూలీల దాకా ఎన్యూమరేటర్ వెళ్తారన్న భరోసా ఏది? నమూనా సర్వేలున్నాయి కదా అనవచ్చు. 2007-08 నాటి జాతీయ నమూనా సర్వే, పని కోసం నెలకు తక్కువ కాకుండా ఆరు నెలల లోపు వెళ్లినవారిని విడిగా లెక్కించింది. మెచ్చదగ్గదే. కానీ కార్తీకం నుంచి జ్యేష్ఠం దాకా వెళ్లేవారు ఆ ఆరు నెలల గీత దాటిపోతారు. నమూనా లెక్క మండలం సంగతి చెప్పనూ లేదు.

అమెరికాలో పన్ను రిటర్నుల చిరునామాలు పోల్చి, ఏ కౌంటీ నుంచి ఎన్ని కుటుంబాలు, ఎంత ఆదాయం తరలిపోయిందో, ఎంత వచ్చిందో ప్రకటిస్తారు. మన కూలీలు రిటర్నులు వేయరు. మనకున్న దారి మీ ఎన్యూమరేటరే. ఆ ఎన్యూమరేటర్ అడగకపోతే, ముంబయి సంపాదనలో ఊరికి చేరిందెంత, అడ్వాన్సు కింద చెల్లిపోయిందెంత అన్నది ఎలా తెలుస్తుంది? కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ సాగునీటి పథకాల నీళ్లతో వలస తగ్గిందంటారు. తగ్గి ఉండొచ్చు, సంతోషమే. ఏ ఊళ్లలో? ఎవరి పొలం తడిసింది, ఎవరింకా ముంబయి బస్సెక్కుతున్నారు? ఇవేవీ తెలియకుండా వలసలు ఆగాయని ఒకరు, ఆగలేదని ఒకరు ఎన్నాళ్లు అరుచుకోవాలి?

2011 వలస పట్టికల కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూశాం. దేశానికంతా దాదాపు ఒకే తేదీ ఉండాలన్న మీ ఇబ్బందిని కాదనను. తేదీ మార్చలేకపోతే, మనుషుల లెక్కలోనైనా ఈ వలస కూలీల గురించి ఏదో ఒక విధంగా అడగండి. ఈసారి ఎన్యూమరేటర్ చేతిలో కాగితం కాదు, ఫోన్ ఉంటుంది. అందులో ఇంకో ప్రశ్నకు చోటు లేదా?

ఇట్లు,
ఒక పాలమూరువాసి