ఆర్.శ్రీధర్ (క్రికెట్ శిక్షకుడు)

రామకృష్ణన్ శ్రీధర్ హైదరాబాదు రంజీ జట్టు మాజీ ఆటగాడు, క్రికెట్ శిక్షకుడు. ఇతడు 1970 జూలై 16న మైసూరులో జన్మించాడు. 2014 నుంచి 2021 వరకు భారత జట్టుకు ఫీల్డింగ్ కోచ్‌గా వ్యవహరించాడు. భారత్ తరఫున మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఆటగాడిగా

ఎడమచేతి వాటం స్పిన్ బౌలరైన శ్రీధర్ 35 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఆడాడు. అదే జట్టులో అదే తరహా బౌలరు, టెస్టు ఆటగాడు వెంకటపతి రాజు ఉండేవాడు. ఆఫ్ స్పిన్‌కు కన్వల్‌జీత్ సింగ్ ఉండేవాడు. వరంగల్ వంటి జిల్లాల క్రీడాకారులకు కూడా రంజీ ప్రవేశద్వారం ఈ ఒక్క జట్టే కనుక, ఉన్న పదకొండు స్థానాలకు పోటీ ఎంతటిదో ఊహించవచ్చు.

శిక్షకుడిగా

2014లో ఇంగ్లాండులో టెస్టు సిరీస్‌ను 1-3 తేడాతో కోల్పోయిన తరువాత, వన్డే సిరీస్‌కు బోర్డు సంజయ్ బంగర్, భరత్ అరుణ్, శ్రీధర్‌లను సహాయక శిక్షకులుగా నియమించింది. ముగ్గురిలో టెస్టులు ఆడనివాడు శ్రీధర్ ఒక్కడే. తాత్కాలికంగా మొదలైన ఈ బాధ్యత, ప్రధాన శిక్షకులు మారినా, ఏడేళ్ళు కొనసాగింది. బ్యాటింగ్, బౌలింగ్ కోచ్‌లను ఎంచుకునేటప్పుడు అంతర్జాతీయ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యం ఫీల్డింగ్ విషయంలో అంతగా కనిపించదు. ఇక్కడ లెక్కకు వచ్చేది రోజువారీ సాధన చేయించగల నేర్పు.

2021 నవంబరులో ఈ పదవి మరో హైదరాబాదీ టి.దిలీప్‌కు దక్కింది. శ్రీధర్‌కు కనీసం రంజీ అనుభవమైనా ఉంది. దిలీప్ ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడనేలేదు. పిల్లలకు గణితం ట్యూషన్లు చెప్పి, ఆ సంపాదనతో కోచింగ్ వృత్తిలో నిలదొక్కుకున్నాడు. 2023 ప్రపంచ కప్‌లో ప్రతి మ్యాచ్ తరువాత ఉత్తమ ఫీల్డరుకు పతకం ఇచ్చే ఆనవాయితీ ఇతడి ఆధ్వర్యంలోనే ప్రాచుర్యం పొందింది.