పనిముట్లున్నవి, గురువులేరి?

మన కళాశాలల గుమ్మములమీద నిప్పుడు క్రొత్త బల్లలు వెలసినవి. నిన్నటివరకు గణితమనియు గణాంకశాస్త్రమనియు వ్రాసియుండిన చోట నేడు డేటా సైన్సు అని వ్రాయుచున్నారు. పేరు మారినందుకు మాకు విచారము లేదు. దత్తాంశములను ప్రోగుచేసి, శోధించి, వానినుండి సత్యమును రాబట్టు విద్య యీ కాలమునకు మిక్కిలి యవసరమైనది. మేమడుగునది యొక్కటే: ఆ బల్లక్రింద కూర్చున్న డిగ్రీ విద్యార్థికి ఆ విద్య నిజముగా నబ్బుచున్నదా?

అబ్బుట లేదని మా నిశ్చితాభిప్రాయము. అతనికి పనిముట్ల పేర్లు చెప్పుచున్నారు. పని చూపుట లేదు. ఎవరో కట్టియిచ్చిన పట్టికను యంత్రమున కెక్కించి, ఎవరో వ్రాసిన ఆజ్ఞలను నకలు చేసి, ఎప్పుడో తేలిన ఫలితమును మరల తేల్చుటయే ప్రాజెక్టు అనిపించుకొనుచున్నది. 1912లో మునిగిన టైటానిక్ ఓడలో నెవరు బ్రతికిరో, ఎవరు చనిపోయిరో మన కుర్రవాడు లెక్క కట్టును. 1936లో ఫిషరు ప్రకటించిన 150 ఐరిస్ పువ్వుల కొలతలను మూడు జాతులుగా విడదీయును. ఆ పువ్వు మన పెరటిలో పూయదు. ఆ ఓడ మన రేవునకు రాలేదు. చేయి తిరుగుటకు అవి చాలునని మేమును ఒప్పుకొందుము. కాని అంతటితోనే చదువు ముగిసినచో అది చిలుకపలుకు. ఆపాటి శ్రమయైనను పడనొల్లనివారికి సిద్ధముగా కట్టిన ప్రాజెక్టులను వెలకిచ్చు దుకాణములు పట్టణములలో నున్నవి. కొన్నవానికిని మార్కులే, కష్టపడినవానికిని మార్కులే. విద్యకు ఇంతకంటె అవమానము గలదా?

ఈ శాస్త్రము మన దేశమున నెట్లు పెరిగినదో యెరిగినవారికి నేటి స్థితి మరింత బాధ కలిగించును. ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడు. గణాంకశాస్త్రము చెప్పుటకు ఆయనకెవరును జీతమీయలేదు. ఆ కళాశాలలోనే యొక గదియందు కొందరు యువకులను చేర్చుకొని లెక్కల పరిశోధన సాగించెను. 1931లో స్థాపితమైన భారత గణాంక సంస్థ ఆ గదిలోనే కన్ను తెరచినది. ఒరిస్సా నదుల వరదలు, బెంగాలు జనపనార పంట, ఇవియే వారి పాఠ్యగ్రంథములు. చేతితో త్రిప్పు లెక్కల యంత్రములే వారి సాధనములు.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, ఉద్యోగమునకై కలకత్తా పోయి, అది దొరకని సి. ఆర్. రావు 1941లో ఆ సంస్థలో చేరెను. కొలది యేండ్లకే ఆయన తాను పాఠము చెప్పువాడయ్యెను. తరగతిలో దండేకరను శిష్యుడొక ప్రశ్న వేసెను. గురువు వద్ద జవాబు లేదు. నోరు మూయించక, ఆ ప్రశ్నను ఇంటికి గొనిపోయి రాత్రి కూర్చుండి సాధించెను. 1945లో ప్రకటితమై క్రామర్–రావు అవధియని నేడు లోకమంతట వాడబడుచున్న సిద్ధాంతమున కది మూలము. అప్పటికి రావుగారు పాతికేండ్ల యువకుడు. ఆ కృషికి 2023లో, తమ 102వ యేట, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము పొందిరి. ఆ యేడే కీర్తిశేషులైరి. శిష్యుడడుగుట, గురువు నిద్ర మానుట: ఈ రెండును గూడినచోటనే పరిశోధన పుట్టును. గురువు లేని విద్య గుడ్డి విద్యయని మన పెద్దలు ఊరక అనలేదు.

ముందు పాఠములు రానిండు, పరిశోధన పిదప చూతమని కొందరందురు. ఒడ్డున కూర్చుండి యీత నేర్చినవాడెవడు? వానపట్టికలో నొక గడి ఖాళీగా నున్నది. వాన కురియలేదని దాని యర్థమా? లేక కొలువవలసినవాడు ఆనాడు రాలేదని యర్థమా? ఆ రెంటికిని భేదము గ్రహింపనివాడు ఎంత గొప్ప యంత్రముతో లెక్కించినను అబద్ధమే తేల్చును. ఈ వివేకము పుస్తకము నేర్పదు. ప్రక్కన కూర్చున్న గురువు నేర్పవలయును.

విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2022లో ప్రకటించిన విధానము ప్రకారము, మొదటి ఆరు సెమిస్టరులలో 75 శాతము మార్కులు తెచ్చుకొన్నవారే నాలుగవ యేట అధ్యాపకుని చెంత పరిశోధన చేయవచ్చును. పరిశోధనకు చోటిచ్చినందుకు మా వందనములు. కాని పరిశోధన మార్కులకిచ్చు బహుమానమా? కాలేజీ పరీక్షలలో మాటిమాటికి తప్పిన శ్రీనివాస రామానుజన్ ఈ ద్వారముకడ నిలిచినచో, కావలివాడు లోనికి పోనిచ్చునా? మూడేండ్లు బట్టీయము పట్టించి, నాలుగవ యేట స్వబుద్ధితో నాలోచింపుమనుట, కాళ్లు కట్టి నడువుమనుట వంటిది.

ప్రశ్నలకు మనకు కరవా? శ్రీకాకుళము తీరమున ఉద్దానము ప్రజలను మూత్రపిండముల వ్యాధి యేండ్లతరబడి పీడించుచున్నది. దాని కారణము నేటికిని నిర్వివాదముగా తేలలేదు. అనంతపురము బోరుబావుల నీటిమట్టములు సర్కారు పట్టికలలో నున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఎనిమిది కోట్లకు పైబడినవారి మాతృభాషయైన తెలుగును యంత్రములకు నేర్పు పని మన ముంగిటనే యున్నది. ఈ పనులు మన బిడ్డలు చేయనిచో, పరులు చేసి మనకే వెలకు అమ్ముదురు. తన యూరి నీటిని తాను లెక్కింపలేని జాతికి స్వాతంత్ర్యము పేరునకే మిగులును.

అధ్యాపకులకే యీ విద్య రాదని మరియొక యాక్షేపణ. మహలనోబిస్ నేర్చి కూర్చుండలేదు; చేయుచు నేర్చెను. మన అధ్యాపకులలో పెక్కుమంది ఒప్పందపు కొలువులలో నుండి, గంటల లెక్కన జీతము తీసికొనుచు, రేపటి భయముతో బ్రతుకుచున్నారు. అట్టివానిని పరిశోధకుడవు కమ్మనుట పరిహాసము. దోషము వారిది కాదు, వారినట్లుంచిన ప్రభుత్వములది.

కావున మేము కోరునది స్పష్టము. ఖాళీ కొలువులను స్థిరముగా నింపుడు. రెండవ యేటనుండియే నలుగురైదుగురు విద్యార్థుల నొక్క అధ్యాపకునకు అప్పగింపుడు. వారికి తమ జిల్లా ప్రశ్న నొకదానిని ఈయుడు. ఆ సమయమును అధ్యాపకుని బోధన గంటలలో చేర్చుడు. ఊహించినది తేలకున్నను, సత్యముగా చేసిన పనికి పూర్తి మార్కులీయుడు. రోగుల పేరు బయటపెట్టకుండుట, అనుమతి లేని దత్తాంశమును ముట్టకుండుట మొదటి పాఠమగుగాక.

బల్లలు మార్చుటకు వడ్రంగి చాలును. విద్యను మార్చుటకు గురువు కావలయును. విద్యార్థులారా, మీకు రావలసిన గురువునకై అడుగుడు, ఈయనివారిని నిలదీయుడు.