గొలుసుకట్టు చెరువులు, నీరటికాని మేర



ఈ పుటలో వ్రాసి చాలా నెలలైంది. ఇప్పుడు వ్రాయడానికి కారణం ఒక ఉత్తరం. నా పూర్వవిద్యార్థి ఒకడు తాను నడుపుతున్న మాస్టడాన్ సర్వరును మూడు నెలల తరువాత మూసివేయాలనుకుంటున్నట్లు తెలియజేశాడు. "అలసిపోయాను మాస్టారూ. పగలంతా ఉద్యోగం, రాత్రంతా తగవులు తీర్చడం. ఇక నా వల్ల కాదు" అని వ్రాశాడు. ఆ సర్వరులో సుమారు నూటయాభై మందిమి ఉన్నాము. అందరమూ తెలుగు సాహిత్యంపై మమకారం కలవారమే. ఉత్తరం చదవగానే నాకు కోపం వచ్చింది. కొంతసేపటికి ఆ కోపం సిగ్గుగా మారింది. ఎందుకో చెబుతాను.

ఈ వ్యవస్థతో పరిచయం లేనివారికోసం కొంత వివరణ అవసరం. నాటి ట్విట్టర్, నేటి ఎక్స్, ఒకే సంస్థ అధీనంలోనిది. అక్కడ ఏది ఉండాలో ఏది పోవాలో ఆ సంస్థే నిర్ణయిస్తుంది. మాస్టడాన్ అట్లా కాదు. జర్మనీలో యూజెన్ రోచ్కో 2016లో ప్రారంభించిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఎవరైనా తమ సర్వరులో నెలకొల్పుకోవచ్చు. వేలాది సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రమాణం ద్వారా పరస్పరం మాట్లాడుకుంటాయి. ఎవరి నియమాలు వారివి, ఎవరి మోడరేటర్లు వారికి.

మా ఓరుగల్లు ప్రాంతం వారికి దీనిని సులభంగా చెప్పవచ్చు. ఇవి గొలుసుకట్టు చెరువుల వంటివి. ప్రతి చెరువుకూ తన కట్ట, తన తూము ఉంటాయి. అయినా పై చెరువు అలుగు పారితే ఆ నీరు క్రింది చెరువులోకే వస్తుంది. పై కట్ట తెగితే క్రింది కట్టకూ ముప్పే. స్వతంత్రమూ ఉన్నది, సంబంధమూ ఉన్నది.

మన దేశంలో చాలామందికి మాస్టడాన్ పేరు తెలిసింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, నిరసనగా అనేకులు ఇటు వచ్చారు. ఒక సంస్థ దయాదాక్షిణ్యాలపై మన మాట ఆధారపడరాదన్నది వారి వాదం. న్యాయమైన వాదమే. 2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారిన తరువాత ఇంకా పెద్ద వలస వచ్చింది. నెలకొకసారైనా మాస్టడాన్‌ను వాడేవారు సుమారు మూడు లక్షల నుండి, ఒక్క నెలలో, ఇరవై అయిదు లక్షలకు పెరిగారని రోచ్కో ప్రకటించాడు. యజమాని లేని ఊరికి వచ్చామని అందరమూ సంతోషించాము. యజమాని లేని ఊరిలో వీధులు ఊడ్చేదెవరని మాత్రం మనలో ఎందరు అడిగాము?

కేంద్రాధికారం లేనంత మాత్రాన కట్టుబాటు అసాధ్యమేమీ కాదు. 2019 జులైలో, జాతివిద్వేషానికి పేరుపడిన గ్యాబ్ అనే వేదిక మాస్టడాన్ సాఫ్ట్‌వేరుకు మారింది. సాఫ్ట్‌వేరు స్వేచ్ఛాయుతమైనది గనుక దానిని వాడవద్దనే అధికారం రోచ్కోకు కూడా లేదు. కాని అనేక సర్వర్ల నిర్వాహకులు ఎవరికి వారే దానితో సంబంధం తెంచుకున్నారు. ఏ న్యాయస్థానమూ చెప్పకుండా, ఊరంతా కలిసి తూములు మూసినట్లయింది.

అయితే తూము మూయడం బరువైన శిక్ష. అవతలి సర్వరులో దోషులతో పాటు నిర్దోషులూ ఉంటారు. వారితో మన స్నేహబంధాలన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. వేరొక సర్వరుకు తరలిపోదామంటే అనుచరులను తీసుకుపోవచ్చు గాని, పాత రచనలు వెంట రావు. కనుక సంబంధం తెంచే ముందు విచారణ ఉండాలి, తెంచిన తరువాత కారణం నలుగురికీ చెప్పాలి. ఇదంతా చేయవలసినవాడు జీతం లేనివాడు.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. గత ఏడాది మా సర్వరులోని ఒక కవయిత్రి కవిత పెడితే, వేరే సర్వరు నుండి ఒకడు నీచమైన మాటలతో విరుచుకుపడ్డాడు. ఆ మాటలు నేను చూశాను. ఫిర్యాదు చేయడానికి రెండు నొక్కులు చాలు. అది మన మోడరేటరుకు చేరుతుంది, కావాలంటే అవతలి సర్వరుకూ వెళుతుంది. నేను నొక్కలేదు. "అబ్బాయి చూసుకుంటాడులే" అనుకుని, ఒక పద్యంలో యతిభంగం గురించి వాదించడానికి వెళ్లిపోయాను. అబ్బాయి చూసేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికే ఆమె ఖాతా మూసుకుని వెళ్లిపోయింది. అటువంటి వారినే పోషిస్తున్న ఆ సర్వరుతో అతడు సంబంధం తెంచాడు. అక్కడ నాకొక మంచి మిత్రుడుండేవాడు. ఆ స్నేహం తెగినందుకు, వాక్‌స్వాతంత్ర్యం గురించి నా శిష్యుడికే పెద్ద ఉత్తరం వ్రాశాను! ఆమె కోసం రెండు నొక్కులు నొక్కనివాడిని, నా మిత్రుడి కోసం నాలుగు పుటలు నింపాను.

మంచి మనసుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని అనుకోరాదు. 2023 జులైలో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ పరిశోధకులు ఈ సర్వర్లలోని సుమారు 3,25,000 పోస్టులను రెండు రోజులపాటు పరిశీలించి, పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలుగా ముందే గుర్తింపు పొందినవి 112 చోట్ల కనుగొన్నారు. పెద్ద సంస్థలకు ఉన్న పరికరాలూ జీతగాళ్లూ చిన్న నిర్వాహకులకు లేవు. ఈ మాటలు విని కొందరు "అందుకే సంస్థలే నయం" అంటారు. నేను అనను. సంస్థ తన నిర్ణయానికి మనకు జవాబు చెప్పదు. ఇక్కడ అడిగితే చెప్పేవాడున్నాడు. వాడిని ఒంటరిని చేయడమే మన తప్పు.

పూర్వం చెరువు తూము చూసుకునే నీరటికాడికి రైతులు పంట నూర్చిన కళ్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దానిని మేర అనేవారు. అది దానం కాదు, అతని హక్కు. కట్టకు గండి పడితే మాత్రం నీరటికాడు ఒక్కడే పోయేవాడు కాదు, ఊరంతా పారలతో పోయేది. మనమిప్పుడు మేరా కొలవడం లేదు, పారా పట్టడం లేదు. నీళ్లు రాలేదని మాత్రం తగవుకు పోతున్నాము.

మాస్టడాన్ వారు 2019లో సర్వర్లకు ఒక ఒడంబడిక వ్రాశారు. మూసేముందు మూడు నెలల వ్యవధి ఇవ్వాలని, అత్యవసరంలో సర్వరును చూడగల మరొక మనిషి ఉండాలని అందులో ఉన్నది. మా అబ్బాయి మొదటిది పాటించాడు. రెండవ మనిషి దొరకలేదు. నూటయాభై మందిలో ఒక్కరూ ముందుకు రాలేదు, నాతో సహా.

అందుకని నిన్న జవాబు వ్రాశాను. నేను తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాను. అప్పటి నుండి ఆరింటి వరకు వచ్చే ఫిర్యాదులు నేను చూస్తాను. సర్వరు ఖర్చులో నా వంతు నెలనెలా పంపుతాను. ఇంకో నలుగురిని కూడగడతాను. ఆ కవయిత్రికి కూడా క్షమాపణ చెబుతూ వేరుగా ఉత్తరం వ్రాశాను. ఆమె నుండి జవాబు రాలేదు, రావాలని కోరే అర్హత కూడా నాకు లేదు.

అబ్బాయి మాత్రం వెంటనే జవాబిచ్చాడు. "మూయడం సంగతి తరువాత చూద్దాం. ముందు మీకు పని నేర్పాలి కదా మాస్టారూ. ఆదివారం పొద్దున కూర్చుందామా?" అన్నాడు.

ఆదివారం పలక పట్టుకుని కూర్చుంటాను. మీరున్న చోట తూము దగ్గర ఎవరున్నారో, ఆ మనిషికి తోడు ఎవరున్నారో మీరూ ఒకసారి చూసుకోగలరు.